పన్నెండో ఒక్కపొద్దు

దుద్దుకి రాయి అతికించబోతుంటే వేళ్ల మధ్య నుంచి జారి చాప మీద పడింది. ఎంత వెతికినా కనపడలేదు. బందరు చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగలకు రాళ్లు అతికించడం నా పని. ఇరవై ఏళ్లలో నా చెయ్యి ఎప్పుడూ అలా మొరాయించలేదు. ఆ వేసవిలో అందరూ ఉక్కపోతకు అల్లాడుతుంటే నేను దుప్పటి కప్పుకుని కూర్చునేదాన్ని. ఒళ్లు బరువెక్కింది, జుట్టు ఊడింది, ఎన్ని నీళ్లు తాగినా దాహం. "పని తప్పించుకోవడానికి భలే జబ్బు తెచ్చుకున్నావే" అని మా ఆయన ఏడిపించారు. నేనూ నవ్వాను కానీ లోపల భయంగానే ఉంది.

గుడివాడలో ఉండే మా అక్క నన్ను అక్కడి డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్లింది. రిపోర్టులు చూసి ఆవిడ, "షుగరుందమ్మా, మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ తొమ్మిది దాటింది. హైపోథైరాయిడ్ కూడా ఉంది. ఒకదానికి మందు వాడి రెండోదాన్ని వదిలేస్తానంటే కుదరదు" అన్నారు. థైరాయిడ్ మాత్ర లేవగానే పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి, ఆ తర్వాత గంట దాకా టీ కూడా వద్దు. షుగర్ మాత్రలు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, తిండితో పాటు. "షుగర్ మాత్ర వేసుకుని తిండి మానకూడదు, గుర్తుంటుందా?" అని రెండుసార్లు అడిగారు. లేవగానే టీ లేకపోవడం నాకు జబ్బు కంటే పెద్ద శిక్ష. అయినా మూడు నెలలకు చలి తగ్గింది, వేళ్లు దారికొచ్చాయి.

చలికాలం దాటగానే రంజాన్ వచ్చింది. రోజాని మేం ఒక్కపొద్దు అంటాం. తెల్లవారకముందే సహరీలో తినేసి, మళ్లీ పొద్దు గుంకేదాకా మంచినీళ్లైనా ముట్టం. నేను తొమ్మిదో ఏట మొదలుపెట్టాను. కాన్పులప్పుడు పోయినవి కూడా తర్వాత తీర్చుకున్నాను. డాక్టరమ్మకు చెబితే వద్దంటారని తెలుసు, అందుకే చెప్పలేదు. మా ఆయనతో మాత్రం "అడిగాను, పర్లేదన్నారు" అన్నాను. ఒక్కపొద్దు కోసం అబద్ధమాడిన మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఇక నా సొంత వైద్యం మొదలైంది. పగలు మాత్ర మింగే వీల్లేదు కాబట్టి సహరీలో పెరుగన్నం తిని, టీ తాగి, మూడు మాత్రలూ ఒకేసారి వేసుకునేదాన్ని. రోజుకి సరిపడా మందు కడుపులో ఉంటే చాలనుకున్నాను.

పన్నెండో రోజు సాయంత్రం నాలుగింటికి చెమటలు పట్టి చేతులు వణికాయి. టైలరింగ్ షాపు నుంచి అప్పుడే వచ్చిన మా ఆయన గ్లాసుడు నీళ్లలో పంచదార కలిపి తెచ్చారు.

"తాగు షమీమ్."

"ఇంకో రెండు గంటలే కదండీ. ఉంటాను."

"ఏం ఉంటావు? నీ మొహం ఎలా ఉందో చూసుకున్నావా?"

నేను పెదాలు బిగించుకున్నాను. తెలివొచ్చేసరికి ఆసుపత్రిలో ఉన్నాను, చేతికి గ్లూకోజ్ ఎక్కుతోంది. "లో షుగర్ అమ్మా, ఇంకాస్త ఆలస్యమైతే చాలా ప్రమాదమయ్యేది" అన్నాడు డ్యూటీ డాక్టరు. దూరంగా మసీదులో అజాన్ వినిపించింది. అందరూ ఒక్కపొద్దు విడిచి ఇఫ్తార్‌కి కూర్చునే వేళ. నా ఒక్కపొద్దు పోయిందని చిన్నపిల్లలా ఏడ్చాను.

తర్వాత గుడివాడలో పరీక్ష చేస్తే థైరాయిడ్ లోపాన్ని చూపే టీఎస్‌హెచ్ కూడా మళ్లీ పెరిగింది. అన్నం మీద, టీ మీద వేసుకున్న థైరాయిడ్ మాత్ర ఒంటికి సరిగా పట్టదట. డాక్టరమ్మ కేకలేస్తారనుకున్నాను. "ముందే చెప్పుంటే ఏదో ఒక దారి చూసేదాన్ని కదమ్మా" అన్నారు అంతే. కేకలేసినా బాగుండేది.

ఇది జరిగి రెండేళ్లయింది. మందులు వేళకి వేసుకుంటున్నాను, రాళ్లు జారడం లేదు. పోయిన ఏడాది ఒక్కపొద్దుండే ధైర్యం చెయ్యలేదు. ఈ ఏడాది రంజాన్‌కి రెండు నెలల ముందే వెళ్లి అడిగాను. "ఒకసారి అలా పడిపోయారు. షుగర్ ఇంకా నిలకడగా లేదు. ఈసారికి వద్దమ్మా" అన్నారు. మా ఇమామ్ గారు కూడా, "జబ్బు మనిషికి అల్లాయే సడలింపు ఇచ్చాడమ్మా. ఒక్కపొద్దుకి బదులు రోజుకొక పేదకి అన్నం పెట్టు" అన్నారు. మా వీధి చివర ఒంటరిగా ఉండే ముసలావిడకు నెలంతా వండి పెట్టాను. ఆవిడ కడుపు నిండింది. నాకే ఏదో వెలితి.

మీది రంజాన్ కానివ్వండి, కార్తీక సోమవారం కానివ్వండి, ఉపవాసం ఉండాలనుకుంటే చాలా ముందుగా డాక్టరుకు చెప్పండి. మాత్రల వేళలు మీ అంతట మీరు మార్చుకోకండి. వద్దంటారేమోనని దాచకండి.

రంజాన్ నెలలో సాయంత్రం ఇఫ్తార్‌కి పండ్లు కోసేది నేనే. "రా, అజాన్ అయింది" అని మా ఆయన పక్కన చోటిస్తారు. మధ్యాహ్నం భోంచేసిన కడుపుతో వెళ్లి కూర్చుంటాను. నాకూ ఒక గ్లాసు నీళ్లు పెడతారు. ఒక్కసారి, ఒక్క సాయంత్రం, గొంతు ఎండిపోయి అక్కడ కూర్చోవాలని ఉంది.