పై అర తాను

బట్టల కొట్లో గుమాస్తాకి కొంతకాలంగా వియ్యంకుణ్ణి చూస్తే కడుపుమంట. ఇద్దరూ ఒకే కౌంటరు వెనక జుట్టు నెరిసినవాళ్ళే. తను కూతుర్నిచ్చినవాడు కనక "బావగారూ" అంటూ ఒదిగి ఉండక తప్పదు, అదొక మంట. అసలు మంట మాత్రం పై అర దగ్గర.

సూటుగుడ్డల తానులు పై అరలో ఉంటాయి. ఒంటిచేత్తో లాగి కొనేవాళ్ళ ముందు జర్రున పరిస్తే బేరం సగం కుదిరినట్టే. అందులో ఒకప్పుడు గుమాస్తాది అందెవేసిన చెయ్యి. ఇప్పుడా చెయ్యి పైకెత్తగానే ఒళ్ళు ముందుకు తూలుతోంది. ఇదివరకు చెయ్యి లేవకముందే నడుమూ కాళ్ళూ బిగుసుకుని కాచుకునేవి. ఇప్పుడవి మనిషి తూలాక గానీ మేలుకోవు. వయసులో పెద్దవాడైన వియ్యంకుడు మాత్రం గుంజలా నిలబడి లాగేస్తాడు. పైగా ప్రతిసారీ, "బావగారూ, కాస్త ఇలా రండి" అని పిలిచి, భుజమ్మీద చెయ్యేసి మరీ లాగుతాడు. చూసి ఏడవమని కాకపోతే ఇంకెందుకు?

"వచ్చే నెల నుంచి ఈ కౌంటరుకి ఒక్కరు చాలు. రెండోవాళ్ళు గుమ్మం దగ్గర కూర్చుని వచ్చేవాళ్ళని లోపలికి పిలవండి" అన్నాడు యజమాని. గుమాస్తాకి అన్నం సహించలేదు. ఇన్నేళ్ళు కత్తెర పట్టిన చెయ్యి గుమ్మంలో దండాలు పెట్టాలా?

మర్నాడు ఎవరో నీలం తాను అడిగారు. యజమాని చూస్తూనే ఉన్నాడు.

"బావగారూ, ఇలా రండి" అన్నాడు వియ్యంకుడు, ఒక చేత్తో పై అర తాను పట్టుకుని రెండో చెయ్యి చాపుతూ.

ఏడిశావులే అనుకుని గుమాస్తా సరిగ్గా అప్పుడే పక్కకి జరిగాడు. భుజం కోసం వచ్చిన చెయ్యి గాలిలో తడుముకుంది. వియ్యంకుడు తూలి కౌంటరు మీద పడ్డాడు. తాను దొర్లి గుమ్మం దాకా విప్పుకుంటూ పోయింది. గుమాస్తా కొయ్యబారిపోయాడు. గొప్పకి కాదన్నమాట, ఇన్నాళ్ళూ ఆ పెద్దమనిషి నిలబడింది తన భుజం ఆసరాతోనే!

"దెబ్బ తగిలిందా బావగారూ?" అని అడిగాడు గానీ, లోపలెక్కడో చల్లగానే ఉంది.

యజమాని వచ్చే నెల దాకా ఆగలేదు. సాయంత్రానికల్లా వియ్యంకుడు గుమ్మం దగ్గర స్టూలు మీదికి చేరాడు. కౌంటరు గుమాస్తాకి దక్కింది.

మొదటి బేరమే పై అరది. చెయ్యెత్తాడు. మడమలు తేలాయి, ఒళ్ళు ఊగింది, ఎడమ చెయ్యి పట్టుకోను ఏమీ దొరక్క వెతుక్కుంది. యజమాని తలెత్తాడు. ఇంతలో ఆ చేతికింద ఒక భుజం వచ్చి నిలిచింది.

"కానివ్వండి బావగారూ, నేనున్నాగా" అన్నాడు వియ్యంకుడు మెల్లగా.

ఒక్క సూటిపోటి మాట లేదు. ఆ మంచితనం చూసి కూడా గుమాస్తాకి ఒళ్ళు మండింది. తాను లాగి జర్రున పరిచాడు. ఎడమ చెయ్యి మాత్రం ఆ భుజం మీంచి తియ్యలేదు.