నా సెన్సార్‌కు ఆయుధపూజ

సోమవారం మా ల్యాబ్‌లో ఏం జరిగిందో చెప్తా, టీ గ్లాసు కింద పెట్టుకుని వినండి. నా ఐదేళ్ళ పీహెచ్‌డీని నా చేత్తోనే, అదీ ఎంతో భక్తిగా, కడిగి పారేసినాను!

తమక అనే ఊరి దగ్గర కాలేజీలో రీసెర్చ్ చేస్తున్నా కదా. గాజుముక్క మీద జింక్ ఆక్సైడ్‌ను పల్చటి పొరగా పూయడం నా పని. గాలిలో ఆక్సిజన్ పెరిగితే ఆ పొర రెసిస్టెన్స్ పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. అదే సెన్సార్! కంటికి కనపడనంత పల్చన. బంగారుపేటలో మా నాయన అంగట్లో కూర్చుని, గాజుముక్కను వెలుతురుకు పట్టి, "ఐదేండ్లుగా చేసింది ఇదేనా? యాడుండాదప్పా?" అన్నాడు. సైన్స్ తెలీని మనిషి, ఏం చెప్తాం.

మా అటెండర్ మునియప్పన్న ఇంకో రకం. "మా నాయన గనిలో దీపం చూసి చెప్తా ఉండినాడు, గాలి ఉండాదో లేదో. దీనికింత కాలేజీ ఏంటికి?" అంటాడు.

ఎన్నో పొరలు పాడైనాక ఒక్కటంటే ఒక్కటి సరిగ్గా పనిచేసింది. సోమవారం బెంగళూరు ప్రొఫెసర్ ముందు అది పనిచేస్తే థీసిస్ ఇచ్చేయొచ్చని మా గైడ్ మేడం మాటిచ్చినారు.

అంతలో ఆయుధపూజ వచ్చింది. ఫర్నేస్‌కు, పంపుకు, చివరికి స్టూలుకు కూడా మునియప్పన్న గంధం, కుంకుమ పెట్టేసినాడు. నా గాజుముక్క దగ్గరికి రాగానే అడ్డం పడినాను.

"ముట్టొద్దన్నా! ఇది సెమీకండక్టర్!"

సైంటిస్టును కదా! పొర లేని వెనకవైపు చూసి, నేనే జాగ్రత్తగా బొట్టు పెట్టినాను.

సోమవారం పొద్దున చూస్తే ఎర్రటి మరక. నీళ్ళకు పోలేదు. పూజలో మిగిలిన నిమ్మకాయ కోసి బాగా రుద్దినాను. తళతళా మెరిసింది! నా తెలివికి నేనే మురిసిపోయినాను.

మేడంతో కలిసి ప్రొఫెసర్ వచ్చినారు. గాజుముక్కను హీటర్ మీద పెట్టి, రెండు సూదులు ఆనించి, మీటర్ ఆన్ చేసినాను. రెసిస్టెన్స్ ఒక్కసారిగా స్కేలు దాటిపోయింది.

"చూడండి సార్, ఆక్సిజన్ బ్రహ్మాండంగా ఉంది!"

"సరే, నైట్రోజన్ వదులప్పా."

వదిలినాను. మీటర్ కదల్లేదు. సిలిండర్ ఇంకా తిప్పినాను. ఊహూఁ.

"ఏమప్పా, నైట్రోజన్‌లో కూడా ఆక్సిజనేనా?"

"సెన్సిటివిటీ కొంచెం ఎక్కువ సార్!" నా నోరు ఊరుకుంటుందా?

ఆయన హీటర్ ఆపించి, గాజుముక్క చల్లారినాక పట్టకారుతో ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసినారు. "కరెంటే పారడం లేదంటే, ఇందులో పొరే లేదు కదప్పా?"

పక్కనే ఉన్న మునియప్పన్న ఇంక ఆగలేదు. "కుంకుమ పోలేదని ఈయప్పే నిమ్మకాయ పెట్టి రుద్దినాడు సార్. నేనైతే ముట్టలేదు!"

మేడం తల పట్టుకున్నారు. "జింక్ ఆక్సైడ్‌కు నిమ్మరసమా? పులుపు తగిలితే కరిగిపోతుందని నువ్వే కదా రెండో చాప్టర్‌లో రాసినావు!"

"వెనకవైపు అనుకున్నా మేడం..."

"కనపడని పొరకు ఏది ముందో, ఏది వెనకో నీకెట్ల తెలిసింది?"

థీసిస్ ఇంగ వచ్చే ఏడాదికే. అంత జరిగినా, గాజుముక్క తీసేసినాక ఉత్త సూదులతోనే ఆ మీటర్ మాత్రం గదిలో ఆక్సిజన్‌కు కొదవే లేదని చూపిస్తోంది. ఊపిరాడనిది నాకొక్కడికే!