తీగ నడుమ ఆగిన పిల్ల

అది 2023 ఎండాకాలం. బడులకు సెలవులిచ్చిన్రు. సంగారెడ్డి దాటినంక గుట్టల నడుమ ఉన్న ఒక అడ్వెంచర్ పార్కుల నేను జిప్‌లైన్ గైడ్‌గా పనిచేస్తున్న. మాది జోగిపేట దగ్గర పల్లె. డిగ్రీ అయినంక కొన్నొద్దులు బట్టల దుకాణంల నిలబడ్డ, తర్వాత ఈ పనిల చేరిన. ఆడోళ్లకు, పిల్లలకు బెల్టులు కట్టేటందుకు ఆడమనిషి ఉంటే మంచిదని నన్ను తీసుకున్నరు. మొదట్ల టవర్ ఎక్కితే కిందికి చూసేదాన్ని కాదు. రాను రాను ఆ టవరే నాకు ఇష్టమైన జాగ అయ్యింది.

జిప్‌లైన్ అంటే తెల్వనోళ్లకు జెర చెప్త. ఎత్తు మీదికెళ్లి పల్లానికి గట్టి ఉక్కు తీగ కట్టి ఉంటది. దాని మీద చక్రాలున్న ట్రాలీ జారుకుంట పోతది. మనిషి నడుముకు, తొడలకు హార్నెస్ అనే బెల్టు కట్టి, దాన్ని తాళ్లతోని ట్రాలీకి తగిలిస్తం. తగిలించే కొక్కేన్ని కారబీనర్ అంటరు. దానికి తిప్పే మూత ఉంటది, దానంతట అది తెరుసుకోదు. ఒక తాడుకు ఏమన్న అయినా ఇంకోటి ఆపాలని ఎప్పుడైనా రెండు తాళ్లు పెడతం. మా కాడ రెండు రకాల లైన్లుండె. పెద్ద షెడ్డు లోపల, కింద వల కట్టి, నేలకు దగ్గరగ ఉండేది ఇండోర్ లైన్. అది చిన్న పిల్లలకు. గుట్ట మీది టవర్ నుంచి లోయ దాటి అవతలి గట్టు దాక పోయేది బయటి లైన్.

జనం తక్కువున్న రోజులల్ల ఫోన్లు గూడ నేనే ఎత్తేదాన్ని. అందరు అడిగేటియి ఒక్కతీరే ఉంటయి: ఎన్నేండ్ల పిల్లలను ఎక్కిస్తరు, ముసలోళ్లకు ఐతదా, చీర మీద ఎక్కొచ్చా. ఒకనాడు ఒకామె ఫోన్ చేసింది.

"మేడం, మాది లక్డారం. మా బిడ్డకు తొమ్మిదేండ్లు. మీ కాడ ఎక్కిస్తరా?"

"లోపల గూడ ఉన్నది, బయట గూడ ఉన్నది అక్కా. చిన్న పిల్ల గదా, లోపలిదే మంచిగుంటది."

"లోపలిది వద్దు. అమీన్‌పూర్ దిక్కు ఒక మాల్‌ల అసొంటిది ఎక్కించిన. ఇది పొట్టిగున్నదని మొకం మాడ్సుకొని దిగొచ్చింది. దానికి ఎత్తు కావాలె." మళ్ల అడిగింది. "తాడు కడతరు గదా? ఎక్కినకాడికెళ్లి దిగేదాక కట్టే ఉంటదా?"

"ఒక్క నిమిషం గూడ ఇడువం అక్కా."

"అయితే తీసుకొస్త" అని పెట్టేసింది.

రెండు మూడు రోజులకు ముగ్గురు వచ్చిన్రు. ఫోన్ చేసినామె పేరు లలిత. మందుల కంపెనీల ప్యాకింగ్ పని చేస్తది. బిడ్డ అక్షయ. ఇంకొకామె లలిత అత్త, పెంటమ్మ. బతుకంత కూలి పని చేసిన మనిషి, నడుము వంగిపోయింది. అక్షయ వచ్చుడు వచ్చుడే టవర్ దిక్కు చూసుకుంట నిలబడ్డది. వేరే పిల్లలు ఎగురుకుంట, ఒర్లుకుంట ఉంటే ఈ పిల్ల మాత్రం ఏదో పని మీద వచ్చినట్టు ఉన్నది.

పిల్ల జెర దూరం పోయినంక లలిత మెల్లగ చెప్పింది.

"దీని డాడీ పోయి ఏడాది కావొస్తున్నది అక్కా. కంపెనీ షెడ్డు మీద రేకులు మార్చనీకి ఎక్కిండు. వెలుతురు కోసమని నడుమ నడుమ ప్లాస్టిక్ రేకు ఏస్తరు గదా, దాని మీద కాలు పడ్డది. రేకు పలిగి లోపలికి పడిపోయిండు."

నేను పిల్లకు సరిపోయే బెల్టు ఏరుకుంట ఇంటున్న.

"అప్పటి సంది ఇది ఎక్కుతనే ఉంటది. ఇంటి మీద నీళ్ల ట్యాంకు, బడి గోడ, ఏది కనపడితే అది. ఎక్కి అంచుకు కూసొని కిందికి చూస్తది. కొట్టిన, బతిమాలిన, ఇంటలేదు. ఏడ్వదు గూడ. డాడీని తీసుకపోయిన దినం గూడ ఏడ్వలే. ఎట్లయినా ఎక్కుడైతే మానదు, కనీసం తాడు కట్టి ఎక్కిస్తే దీని మనసు నిమ్మలమైతదేమో అని తెచ్చిన."

అక్షయకు హార్నెస్ కట్టి, పట్టీలు గుంజి చూసి, మళ్లొకసారి గుంజి చూసిన. బయటి లైన్‌కు ఇంత బరువుండాలని లెక్క ఉంటది. పిల్ల తూకం దానికి సరిపోయింది, కొద్దిగనే ఎక్కువ. పెంటమ్మ మెట్లెక్కలేదు కాబట్టి ఆమెను జీపుల అవతలి గట్టుకు పంపినం. లలితను కిందనే ఉండమన్న. "లేదక్కా, నేను గూడ పైకి వస్త" అన్నది. టవర్ మీదికి చూడనీకి వచ్చినోళ్లకు గూడ బెల్టు కట్టాలె. ఆమెకు గూడ కట్టిన.

పైకి ఎక్కినంక లలిత తాడును స్తంభానికున్న ఇనుప రింగుకు తగిలించిన. ఆమె ఆ కొక్కేన్ని చేత్తోని పట్టుకొని చూసుకుంట, "మా ఆయన నడుముకు గూడ గిట్లాంటి బెల్టే ఉండె" అన్నది.

"బెల్టు ఉండెనా అక్కా?"

"ఉండె. బెల్టు లేంది గేటు లోపలికే రానియ్యరు. కని పైన దాన్ని తగిలిచ్చేటందుకు తాడు కట్టలే. అందరు ఏం చేస్తరంటే, ఆ కొక్కేన్ని ఎవరి బెల్టుకు వాళ్లే తగిలిచ్చుకుంటరు. నేను దవాఖానకు పోయేసరికి గట్లనే ఉండె. ఆయన కొక్కెం ఆయన నడుముకే."

మా టవర్ మీదికెళ్లి, మబ్బు లేనినాడు, పటాన్‌చెరు దిక్కు కంపెనీ షెడ్ల రేకులు తళతళ మెరుస్తయి. లలిత అటు వీపు తిప్పుకొని నిలబడ్డది.

అక్షయను ట్రాలీకి తగిలించిన. మా కాడ ప్రతి కొక్కెం ముట్టుకొని, పైకి అనుకుంట చూడాలె. నాతోటి ఉన్న గైడ్ రమేశ్ ఇంకోసారి చూసిండు. అవతలి గట్టు మీదున్నాయన వాకీటాకీల "లైన్ క్లియర్" అన్నడు. లలిత చెయ్యి పిల్ల హెల్మెట్ మీద ఉన్నది. తియ్యమని నేను అనలే. ఆమెనే జెరసేపటికి తీసింది. పిల్ల టవర్ చెక్కల మీదికెళ్లి కాలు తీసింది.

ఎవరైనా పోయేటప్పుడు ఒకటే కేక పెడతరు. అక్షయ కిక్కురుమనలే. సగం దాటినంక ఎదురుగాలి లేసింది. పిల్ల తేలికున్నది. ట్రాలీ మెల్లగైంది, ఇంక మెల్లగైంది, ఇగ ఆగింది. దీన్ని మేము షార్ట్ స్టాప్ అంటం. తేలిక పిల్లలకు అప్పుడప్పుడు ఐతనే ఉంటది, ప్రమాదమేం లేదు. గైడ్ ఇంకో ట్రాలీ మీద పోయి, పిల్లను తన బెల్టుకు కట్టుకొని, చేతులతోని తీగను గుంజుకుంట అవతలికి చేరుస్తడు. ఇదంత నాకు తెలుసు. లలితకు కనపడేది మాత్రం లోయ మీద వేలాడుతున్న బిడ్డ.

ఆమె చెక్కల మీద కూలబడ్డది. "పడుతదా?" అని ఒక్కటే మాట అడిగింది.

"పడదు అక్కా. రెండు తాళ్లున్నయి. నేను పోయి తెస్త. రమేశ్ నిన్ను మెట్ల మీదికెళ్లి అవతలికి తీసుకొస్తడు."

నేను పోయేసరికి అక్షయ చేతులు ఇడిసేసి, కిందికి చూసుకుంట వేలాడుతున్నది. మొకంల భయం లేదు. ముందుగాల ఆమెను నా బెల్టుకు తగిలించుకున్న.

"భయమైతున్నదా?"

"లే. జెరసేపు ఈడనే ఉందాం అక్కా."

కింద రాళ్లు, తుప్పలు, ఎండిపోయిన వాగు. గాలికి తీగ సన్నగ మోగుతున్నది.

"అక్కా, ఈడికెళ్లి పడితే కిందికి పోనీకి ఎంతసేపు పడుతది?"

"నాకు తెల్వది బిడ్డా."

"డాడీకి తెలిసి ఉంటదా, పడుతున్న అని?"

పిల్ల నా మొకం చూడలే. కిందికే చూసుకుంట అడిగింది.

"నన్ను యాది చేసుకునేటంత టైమన్న ఉండెనా?"

ఇందుకోసం ఈ పిల్ల ఏడాది నుంచి ట్యాంకులు, గోడలు ఎక్కుతున్నదని అప్పుడు సమజైంది. ఎక్కి కూసొని కిందికి చూసుకుంట ఆ టైమును కొలుస్తున్నది. ఉండె అని ఒక్క మాట అంటే అయిపోయేది. కని ఆ పిల్లకు అబద్ధం చెప్పనీకి నాకు నోరు రాలే.

"ఎంతసేపో నాకు తెల్వది" అన్న. "కని మర్సిపోయినోళ్లకు గదా బిడ్డా యాదికి తెచ్చుకునేటందుకు టైం పట్టేది. నువ్వు ఎప్పుడు మీ డాడీ మతిల్నే ఉంటివి గదా."

ఆ పిల్ల భుజాలు ఎగురుడు షురూ అయ్యింది. నా మెడ పట్టుకొని ఏడ్సింది. పెద్ద మనుషులు ఏడ్సినట్టు, లోపల్నుంచి. ఆ ఏడ్పుకు మా మీది తీగ గూడ కదిలింది. వాకీటాకీల "ఏమైంది, ఎందుకు ఆగినవ్?" అని అడుగుతున్నరు. "జెర ఆగున్రి, వస్తం" అని చెప్పి అట్లనే ఉన్న. ఆమె తగ్గినంక తీగను గుంజుకుంట గట్టుకు తెచ్చిన.

గట్టు మీద పెంటమ్మ ఉండె. పిల్ల మొకం చూసి ఏమైందని అడగలే. చాపిన చేతులల్లకు తీసుకొని, "ఏడ్వు బిడ్డా, ఏడ్వు. ఇన్నొద్దులు యాడ దాసిపెట్టుకున్నవే" అని వీపు నిమిరింది.

లలిత గట్టెంబడి ఉరికొచ్చింది. నడిచేటప్పుడు కాళ్లకు అడ్డం పడొద్దని తాడు కొక్కేన్ని బెల్టుకే తగిలిస్తం, మా కాడ అది రివాజు. రమేశ్ గూడ అట్లనే తగిలిచ్చిండు. ఆమె కొక్కెం ఆమె నడుముకు కనపడేసరికి నా చెయ్యి ఆగలే. ఏ మాట మాట్లాడకముందే దాన్ని ఇప్పేసిన. ఆమె ఒకసారి నడుము దిక్కు, ఒకసారి నా దిక్కు చూసి, బిడ్డ కాడికి పోయి కూసున్నది. ముగ్గురు చానసేపు అట్లనే కూసున్నరు. వాళ్లు లేసేదాక టవర్ మీదికెళ్లి లైన్ మీద ఎవరిని పంపలే.

కొన్నొద్దులకు లలిత ఫోన్ చేసింది. "ఇప్పుడు ట్యాంకు ఎక్కుతలేదక్కా. కని డాడీ అంగీ పట్టుకొని ఏడుస్తున్నది."

"ఏడ్వనీ అక్కా."

"ఆఁ, ఏడ్వనిస్తున్న. దాని ముంగట ఏడ్వొద్దని ఇన్నొద్దులు నేను గూడ ఆపుకున్న. ఇప్పుడు దాంతోని నేను గూడ కూసుంటున్న."

మా అన్న కంపెనీలల్ల షెడ్లకు రంగులేస్తడు. చాన ఏండ్ల నుంచి అదే పని. లలిత వాళ్లు వచ్చిపోయిన నాడు ఇంటికి పోయినంక, అన్నం తింటున్న అన్నను అడిగిన, పైన పని చేసేటప్పుడు బెల్టు పెట్టుకుంటవా అని.

"ఎందుకు పెట్టుకోం? గేటు కాడనే చూస్తరు."

"మరి కొక్కెం దేనికి తగిలిస్తవు?"

మా అన్న నవ్విండు. ఎడమ చేత్తోని నడుము తట్టి, "గీన్నే, బెల్టుకే" అన్నడు. మళ్ల అన్నం కలుపుకున్నడు.

ఆ పార్కుల నేను ఇప్పటికి గూడ పనిచేస్తున్న. ఎంత చిన్న పిల్ల వచ్చినా, బెల్టు చూపించి ఇది నిన్ను పట్టుకుంటది అని చెప్తలేను. బెల్టు ఎవరిని పట్టుకోదు. దాని తాడు అవతలి కొస దేనికి కట్టిన్రో అదే పట్టుకుంటది. ఆటకొచ్చినోళ్లకు ఆ కొస చూసేటందుకు మేం ఇద్దరు ముగ్గురం ఉన్నం. మా అన్నకు చూసేటోళ్లు లేరు. నేను చెప్పి చూసిన, పైన తాడు కట్టమని సూపర్‌వైజర్‌ను అడుగుమన్న. అడిగితే రేపటి నుంచి రావొద్దంటరు అన్నడు. రోజు పొద్దుమూకంగ వాకిట్ల ఆయన బండి సప్పుడు ఇనపడేదాక నాకు ముద్ద దిగదు.