గేటు దగ్గర ఆగిన మూడువందల పన్నెండు పెట్టెలు

ఒకే గోడకు అటూ ఇటూ కూర్చుని పదకొండేళ్లుగా ఎడమొహం పెడమొహంగా ఉన్న రెండు కంప్యూటర్ల చేత మాట్లాడించడమే ముడులమ్మ సాధించిన మొదటి ఘనకార్యం. మందులు సరఫరా చేసే పెద్ద కంపెనీ అది. గోడకు ఇటు గదిలో ఆసుపత్రుల నుంచి వచ్చే మందుల ఆర్డర్లు, అటు గదిలో గోదాములో ఏ మందు ఎంత ఉందో చెప్పే జాబితా. ఇక్కడి కాగితం చేత పట్టుకుని అక్కడికి నడిచి, అదంతా మళ్లీ మొదటినుంచీ టైపు చేయాలి. ఎనిమిది నెలలు తల పగలగొట్టుకుని, నలుగురి చేతా అయ్యే పని కాదనిపించుకుని, తొమ్మిదో నెల మొదటి సోమవారం ఆమె ఇటు ఒక ఆర్డరు ఎక్కిస్తే అటు తెరమీద దానంతటదే ప్రత్యక్షమైంది. "ఓయమ్మో! ఇదెవరు కొట్టారు?" అని గోడ అవతలి గుమాస్తా వేసిన కేకే ఆమెకు పట్టాభిషేకం.

ఆ కేక ఊరికే రాలేదు. ఒకే గదిలో రెండు తరగతులు నడిచే బళ్లో చదువుకున్న పిల్ల. తల్లి బట్టలు కుట్టేది. చిక్కుపడ్డ దారాలన్నీ ఒళ్లో పడేస్తే, ఈ పిల్ల పూట తిరిగేలోగా విప్పి ఉండ చుట్టి ఇచ్చేది కాబట్టి ముడులమ్మ అయింది. ఇద్దరు పిల్లల తల్లి అయినా, ఆఫీసులో తొమ్మిదిమంది ఆమె కింద పనిచేస్తున్నా ఆ పేరు మాత్రం వదల్లేదు. డిగ్రీ పోస్టులో చదివింది. అదే కంపెనీలో టైపు చేసే ఉద్యోగంలో చేరి, అడిగినవాళ్లనీ అడగనివాళ్లనీ విసిగించి పని నేర్చుకుంది. ఆర్డర్లు, గోదాము, నాణ్యత పరీక్ష, చల్లగది, బండ్లు, బిల్లులు, గేటు, ఇలా కంపెనీలో ఏడు కంప్యూటరు వ్యవస్థలున్నాయి. ఒక్కోదాన్ని ఒక్కో కాలంలో ఒక్కో దేశంవాడు రాశాడు. ఏడుగురు తోడికోడళ్లు ఒకే వంటింట్లో ఒకరి కాలు ఒకరు తొక్కకుండా వండినట్టు, ఒకదాని పని అయ్యాక రెండోది అందుకునేలా వాటన్నిటినీ కలిపి నడిపించే ఏర్పాటు ఒకటి ఆమె మూడేళ్లలో తయారుచేసింది. ఎవరు ముందు, ఎవరు తరవాత, ఎవరు ఎవరి మాటకోసం ఆగాలి అన్నదంతా దానికోసం ఆమె గీసిన పటంలోనే ఉంటుంది. అంత పెద్ద కంపెనీలో ఆ పని తలకెత్తుకున్న మొదటి మనిషి ఆమే.

ఆ ఏర్పాటు మొదలుపెట్టిన రోజు పొద్దున్నే పెద్ద మేనేజరు కాఫీ కప్పు పట్టుకుని వచ్చి నవ్వుతూ నిలబడ్డాడు. ఏడుగంటలకు తెరలన్నీ పచ్చగా ఉన్నాయి. ఎనిమిదిన్నరకు చల్లని పెట్టెలన్నీ గేటు దగ్గరకు వచ్చి ఆగిపోయాయి.

మూడువందల పన్నెండు పెట్టెలు. వాటిలో చక్కెర జబ్బువాళ్లకు వేసే ఇన్సులిన్. పెట్టెలోని మంచు మధ్యాహ్నం రెండు దాకా ఆగుతుంది. ఆ తరవాత బండి ఎక్కించినా మందు పనికిరాదు, పారబొయ్యాల్సిందే. మర్నాడు పొద్దున ఆ మందు కోసం ఆసుపత్రుల ముందు నిలబడేవాళ్లు ఎంతమందో ముడులమ్మకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఏ ఆసుపత్రికి ఎన్ని అన్న పట్టిక తయారుచేసింది ఆమే.

తెరలన్నీ తిప్పి చూసింది. ఎక్కడా ఎర్రగా లేదు, తప్పు లేదు. అన్నిచోట్లా ఒకటే మాట: ఎదురుచూస్తోంది.

నాణ్యత విభాగానికి ఫోను చేస్తే, "మా దగ్గరేం లోటు లేదు మేడం. బండి నంబరు ఇస్తే అది చల్లబండో కాదో చూసి అనుమతి ఇచ్చేస్తాం," అన్నారు.

బండ్లవాళ్లకు చేస్తే, "అనుమతి చూపించండి, నిమిషంలో బండి కేటాయిస్తాం," అన్నారు.

గుమ్మం దగ్గర ఇద్దరు మర్యాదస్తులు 'ముందు మీరు' అంటే 'ముందు మీరు' అనుకుంటూ ఇంటి బయటే నిలబడిపోయినట్టుంది వ్యవహారం. మరి నిన్నటిదాకా ఎలా వెళ్లాయి? రూల్సు పుస్తకంలో లేదు. ఆమె గీసిన పటంలోనూ లేదు.

పదకొండయింది. మేనేజరు చేతిలో కాఫీ ఎప్పుడో చల్లారిపోయింది. "పాత పద్ధతికి పోదామా?" అన్నాడు మెల్లగా.

"పాతవాటికి మళ్లీ ప్రాణం పోయాలంటే సాయంత్రం అవుతుంది సార్," అంది ముడులమ్మ. "ఒక్క గంట ఇవ్వండి."

కంప్యూటరు మూసి లేచింది. పెట్టె నడిచే దారిలో తానూ నడవడం మొదలుపెట్టింది. చల్లగది, కట్టే బల్ల, తూకం, సీలు. ప్రతిచోటా ఒకే ప్రశ్న: "రోజూ పొద్దున మీరేం చేస్తారు? చెయ్యాల్సింది కాదు, చేసేది చెప్పండి." అందరూ పుస్తకంలో ఉన్నదే అప్పజెప్పారు. చివరికి గేటు గదికి వచ్చింది.

అక్కడ ఇరవై ఆరేళ్లుగా గేటు చూస్తున్న పెద్దమనిషి ఉన్నాడు. అందరికీ గేటు బాబాయే. కుర్చీ వెనక్కి జరుపుకుని పేపరు చదువుతున్నాడు.

"బాబాయ్, బయట మంచు కరిగిపోతుంటే నువ్వు పేపరు చదువుతున్నావా?"

"ఏం చెయ్యనమ్మా? నా పని మీ యంత్రం చేస్తుందన్నారు. అది చెయ్యనని భీష్మించుకుంటే నేనేం చెయ్యను?"

"నీ పనంటే ఏది?"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఎవరితోనూ అనకు. ఏడింటికి రాగానే బండి నంబరు దగ్గర నాలుగు సున్నాలు కొట్టేవాణ్ని. నాణ్యతవాళ్ల కంప్యూటరుకు అది బండిలాగే కనిపించి అనుమతి ఇచ్చేసేది. అనుమతి రాగానే బండ్లవాళ్లు అసలు చల్లబండి నంబరు వేసుకునేవారు. పద్నాలుగేళ్లు అలాగే లాక్కొచ్చాను. ఇవాళా కొట్టాను. ఒక్కసారి ఎర్రగా ఉరిమి, కొట్టినవి చెరిపేసింది!"

ముడులమ్మ అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడింది. ఆ సున్నాలు ఆమెకు తెలుసు. పాత సమాచారాన్ని జల్లెడ పట్టినప్పుడు వేలకొద్దీ వరసల్లో కనిపించాయి. చెత్త అనుకుని ఊడ్చేసింది. పైగా అలాంటి చెత్త మళ్లీ రాకూడదని కాపలా కూడా పెట్టింది.

"మరి నెల కిందట వచ్చి అడిగితే చెప్పలేదేం బాబాయ్?"

"నువ్వెక్కడ అడిగావు? ఎవరో కుర్రాడిని పంపించావు. నిబంధనల ప్రకారమేనా అన్నాడు. అవునన్నాను. ఈ వయసులో కాదని చెప్పి ఉద్యోగం ఊడగొట్టుకోమంటావా?"

ముడులమ్మ వెంటనే ఫోను తీసి మేనేజరుకు చెప్పింది: "తప్పు నాది సార్. ఒక్క కాపలా తీసెయ్యాలి. మీ సంతకం కావాలి." బాబాయి పేరు ఎత్తలేదు. పన్నెండూ నలభైకి కాపలా పోయింది. ఆమె ఆయన కుర్చీ ముందుకు లాగింది. "కొట్టు బాబాయ్."

"నన్ను ఇరికించవుగా?"

"కొట్టమంటుంటే!"

నాలుగు సున్నాలు పడ్డాయి. రెండు క్షణాలు ఏమీ కాలేదు. ఆ తరవాత ఒక్కో తెరా వరసగా పచ్చబడింది. ఒంటిగంటా పదిహేనుకు మొదటి బండి గేటు దాటింది, ఒంటిగంటా నలభై ఏడుకు చివరిది. ముడులమ్మ గోడకు ఆనుకుంది. నవ్వొచ్చింది, ఆకలి కూడా వేసింది.

"తిన్నావా?" అన్నాడు బాబాయి.

"లేదు."

"ఏడు యంత్రాలకు వేళకు మేత వేస్తావు. నీ కడుపుకు మాత్రం ఎదురుచూస్తోంది అని బోర్డు పెడతావు," అని తన డబ్బా ఆమె ముందుకు తోశాడు.

వారం తిరక్కుండా ఆ దొంగ సున్నాలకు దొరతనం వచ్చింది. 'బండి తరవాత కేటాయిస్తారు' అని పటంలో ఒక మెట్టు, దానికి బాధ్యుడిగా గేటు పెద్ద. మీటింగులో ముడులమ్మ లేచి, చెత్త అనుకున్నది తానేననీ, పద్నాలుగేళ్లు కంపెనీ నడిచింది ఆ మెట్టు మీదేననీ అందరిముందూ చెప్పింది. బాబాయి ఉద్యోగం పదిలం. పైగా ఇప్పుడు గేటు గదిలోకి వచ్చేవాళ్లందరికీ పటంలో తన పేరెక్కడుందో చూపించందే లోపలికి వదలడం లేదు.

కంపెనీకి ఇంకా నాలుగు ఊళ్లలో గోదాములున్నాయి. అక్కడా ఇదే ఏర్పాటు పెట్టమన్నారు. ఈసారి ఎవరినీ పంపనని, ప్రతిచోటా మొదటి వారం గేటు దగ్గర తానే కూర్చుంటానని ముడులమ్మ షరతు పెట్టింది. మేనేజరు వెంటనే ఒప్పుకున్నాడు. ఆమె భర్త మాత్రం, "నాలుగు వారాలా? సరే, పిల్లల జడలు నేనే వేస్తా. ఎలా ఉన్నా ఫొటోలు అడగకు," అన్నాడు.

బయలుదేరే రోజు ఆఫీసు ల్యాప్‌టాప్ బయటికి తీసుకెళ్లడానికి గేటు రిజిస్టరులో రాయాలి. బాబాయి కళ్లజోడు సర్దుకుని పెన్ను తెరిచాడు.

"తిరిగి ఎప్పుడు తెస్తావు?"

"ఆగస్టు మూడోవారం అనుకో."

"అనుకోవడానికి ఇక్కడ గడి లేదమ్మా. తేదీ చెప్పు."

ముడులమ్మ వేళ్లమీద లెక్కపెట్టుకుంది. ఆయన గుండ్రటి చేతిరాతతో నింపాదిగా రాశాడు: ఆగస్టు పంతొమ్మిది, మంగళవారం.