అడక్కముందే ఇచ్చేసే బుల్లియ్య మేష్టారు

బుల్లియ్య మేష్టారికున్న జబ్బు ఒక్కటే. అడక్కముందే ఇచ్చేస్తాడు. ఏమిచ్చాడో తర్వాత తెలుసుకుంటాడు.

"మేష్టారూ, మీతో చిన్న పనుండి..." అని మనం గొంతు సవరించుకుంటామో లేదో, ఆయన కుడిచెయ్యి గుండెల మీద పెట్టుకుని, నడుం వంచి, "ఇచ్చీసినాను! ఇప్పుడు సెప్పండి, ఏటి గావాలో" అంటాడు. రంగూన్‌లోని మింగళ తౌంగ్‌న్యున్ పేటలో మన తెలుగువాళ్ళుండే ఆ వీధిలో ఈ మాట వినని గుమ్మం లేదు.

ఈ జబ్బు ఓ పుస్తకం వల్ల పట్టుకుంది. పిల్లలకి ఇంగ్లీషు ట్యూషన్లు చెప్పుకునే మనిషి, పన్సొడాన్ వీధిలో పాత పుస్తకాలవాడి దగ్గర అట్టలేని లావుపాటి పుస్తకమొకటి కొన్నాడు. అందులో అన్నీ ఇంగ్లీషువాళ్ళ పూర్వకాలపు కథలూ, పాటలూ. ఇనప చొక్కాలు తొడుక్కుని గుర్రాల మీద తిరిగే వీరులు. ఏ ఆడమనిషైనా వచ్చి "నాకో వరం" అంటే చాలు, అదేమిటని అడక్కుండానే మాట ఇచ్చేస్తారట. అడిగితే వీరుడికి పరువు తక్కువట.

ఇది విని నాలుగో అంతస్తు తాయారమ్మ బుగ్గలు నొక్కుకుంది. మెట్ల మీద వాసన చూసి ఎవరింట ఏం కూరో చెప్పే మనిషి ఆవిడ. తెలుసుకోకుండా ఒప్పుకోవడమన్నది ఆవిడకి మింగుడు పడే ముద్ద కాదు.

"ఏటని అడక్కుండానా? ఇల్లు రాసిమ్మంటే?"

"ఇచ్చీడమే తాయారప్పా." అక్కని వాళ్ళ వైపు అప్ప అంటారు.

"ఇచ్చీసి?"

"ఇచ్చీసి ఏడిసినోళ్ళున్నారు. మాట తప్పినోళ్ళు లేరు."

"మన హరికథల్లో రాజులూ అంతే. అందుకే అడవులు పట్టిపోనారు" అంది తాయారమ్మ.

మేష్టారు అడవి పట్టలేదు గానీ, వీధి కుళాయి పట్టాడు. దీపావళికి ముందు కింద వాటాలో దేముడమ్మ వచ్చి "ఒక సాయం" అంది. ఇచ్చేశాడు. తర్వాత తేలిందేమిటంటే, వాళ్ళ మరిది తెచ్చిన బాతుల్ని పండగయ్యేదాకా దాచాలి. మేష్టారి స్నానాలగదిలో బాతులు, మేష్టారు వీధిలో కుళాయి కింద. "ఓ చెంబు నీళ్ళకి లోపలికెళ్ళొచ్చు గదా" అని తాయారమ్మ అంటే, "లోనున్నవి ఆడబాతులు అప్పా, తలుపు కొట్టి ఎల్లాల. కొడితే పలకవు" అన్నాడు.

బస్సులో కూర్చోగా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. ఆడవాళ్ళకి సీటివ్వాలి. ఓ రోజు మింగళాడోన్ వెళ్ళే బస్సు ఖాళీగా ఉన్నా, గొడుగు బల్లెంలా పట్టుకుని నిలబడే ఉన్నాడు. డ్రైవరు అద్దంలో చూసి, "సయా, మీరు తప్ప ఎవరూ లేరు, కూర్చోండి" అన్నాడు. సయా అంటే వాళ్ళ భాషలో మేష్టారు. "ముందొచ్చే స్టాపులో ఎవరున్నారో ఎవరు చూసొచ్చారు?" అని మింగళాడోన్ దాకా అలాగే నిలబడ్డాడు.

ఇదంతా ఓర్చుకోవచ్చు. తాయారమ్మ ఓర్చుకోలేనివి ఆయన పాటలు. ఆ పుస్తకంలో పల్లెటూరివాళ్ళు పాడుకున్న కథలున్నాయట. మేష్టారు వీధి సంగతులన్నీ ఆ బాణీలో కట్టేస్తాడు. డాబా మీద బాల్చీ పోయిన రోజు ఏం జరిగిందని అడిగితే, గొడుగు నేలకి తాటిస్తూ ఎత్తుకున్నాడు.

"నిన్న నిండుగున్న బాల్చీ నేడు కానరాదు,
వాన కురిసె, వాన కురిసె, మేడ తడిసిపోయె!
మెట్ల మీద తడి అడుగులు ఎవరివో గాని,
వాన కురిసె, వాన కురిసె, మేడ తడిసిపోయె!"

"ఎవరివి ఆ అడుగులు?" అంది తాయారమ్మ.

"అది పాటలో ఉండదు అప్పా. ఎవరు, ఎందుకు అన్నది సెప్పరు. ఇన్నోళ్ళే పట్టుకోవాల."

"ఆ దేశంలో పుడితే నాను పురిట్లోనే చచ్చిపోదును" అంది తాయారమ్మ.

అలాంటి తాయారమ్మకి ఓ కష్టం వచ్చింది. రంగూన్ మేడల వరండాల్లోంచి తాళ్ళు వేలాడుతుంటాయి గదా, బుట్ట కట్టి దింపితే వీధిలోంచి పేపరో కూరలో పైకొస్తాయి. తాయారమ్మ బుట్ట మాత్రం వీధిదాకా పోదు. సరిగ్గా కింద మూడో అంతస్తులో ఉండే వీరమ్మ దగ్గర ఆగుతుంది. పెళ్ళిళ్ళై ఆ మేడకొచ్చిన నాటినుంచీ పులుసులు దిగుతున్నాయి, పిండివంటలు ఎక్కుతున్నాయి. పిలుపుల్లేవు. బుట్ట కనబడితే అందుకోవడమే.

ఆ రోజు దిగింది చేపల పులుసు. తాయారమ్మ వంగి చూస్తోంది. వీరమ్మ వరండాలోకొచ్చింది, బుట్టకేసి తిన్నగా చూసింది, చూసి లోపలికెళ్ళిపోయింది. కాకులొచ్చి పులుసు తినేసి, గిన్నె కింద పడేశాయి. మర్నాడు బూరెలు దింపింది. అదే చూపు, అవే కాకులు.

తాయారమ్మ తాడు చుట్టి లోపల పడేసింది. "దానికి పొగరెక్కినాది. అమ్మవారి గుడిలో గరిటె పట్టుకుంటున్నాది గదా మరి!"

అమ్మవారి పండగ అన్నదానానికి వంట పెద్ద వీరమ్మే. ఆ గరిటె తప్ప ఆవిడకి ఇంకో వైభోగం లేదు. వచ్చే ఆదివారం గుడి కమిటీ కూర్చున్నప్పుడు, ఈసారి ఆ గరిటె ఇంకొకరికివ్వమని చెప్పాలని తాయారమ్మ పళ్ళు నూరుకుంది. తాయారమ్మ చెబితే కమిటీ కాదనదు.

అంతలో ఇంకో వింత. ప్రతి శనివారం పొద్దున్న వీరమ్మా మేష్టారూ ఎక్కడికో వెళ్తున్నారు! ముందు మేష్టారు, వెనక వీరమ్మ. గొడుగు ఈ కొస ఆయన చేతిలో, ఆ కొస ఆవిడ చేతిలో. వీధి చివర మౌంగ్ మౌంగ్ సైకిలు రిక్షా ఎక్కి పోతారు. రిక్షా మౌంగ్ మౌంగ్‌ని నిలదీస్తే అతను కూడా గుండెల మీద చెయ్యి పెట్టుకుని వంగాడు. "సయా చెప్పొద్దన్నాడు, డా తాయారూ." డా అంటే వాళ్ళ భాషలో అమ్మగారు.

ఇక లాభం లేదని మేష్టారి గుమ్మమెక్కింది.

"మేష్టారూ, ఒకటి అడుగుతాను."

"ఇచ్చీసినాను! ఏటి గావాల?"

"వీరమ్మా నువ్వూ ఎక్కడికెళ్తన్నారో సెప్పు."

మేష్టారి మొహం సున్నం కొట్టినట్టయింది. నడుం వంచినవాడు వంచినట్టే ఉండిపోయాడు. ఎవరికీ చెప్పనని, తాయారుకి అసలే చెప్పనని వీరమ్మకి అంతకుముందే వరం ఇచ్చి ఉన్నాడు మరి.

"అప్పా, రెండు మాటలు నా కడుపులో పొడుసుకుంటన్నాయి. రేపటిదాకా టైమియ్యి."

మర్నాడు టీవేళకి గొడుగుతో వచ్చాడు. కూర్చోలేదు. నిలబడే ఎత్తుకున్నాడు.

"మేడ మీద ముసలి రాణి నిలిచియున్నాది,
మంచు కమ్మె, మంచు కమ్మె, కొండ కానరాదు!
ఆకసాన పళ్ళెరమ్ము దిగివచ్చినాది,
మంచు కమ్మె, మంచు కమ్మె, కొండ కానరాదు!
కాకులొచ్చి విందు చేసి ఎగిరిపోయినాయి..."

"ఆగు, ఆగు. ఈ ఎండల్లో రంగూన్‌లో మంచేటి?"

"ఎందుకన్నది పాటలో ఉండదు అప్పా."

"రాణి బుట్టకేసి సూసినాది గదా?"

"సూసినాది."

"సూసి లోనకెళ్ళిపోనాది గదా?"

"మంచు కమ్మె, మంచు కమ్మె..."

టీ గ్లాసు తాయారమ్మ పెదవుల దగ్గరే ఆగిపోయింది. వీరమ్మ ఈమధ్య గోడ తడుముకుంటూ మెట్లు దిగడం, పలకరిస్తే గానీ మనిషిని పోల్చకపోవడం, పోయిన పున్నమికి పులిహోరలో ఉప్పు రెండుసార్లు పడడం, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి.

"కళ్ళా?"

"నాను పాట పాడినాను. అంతే."

"శుక్లాలా? తామ్వేలో కళ్ళాస్పత్రికా?"

మేష్టారు కరెంటు లేక ఆగిపోయిన ఫ్యానుకేసి చూశాడు. "సుగరు దిగితే గాని ఆపరేషన్ సెయ్యరు గావాల, ఆ కాలం రాణులకి."

"గుడ్డిదని గరిటె లాగీసుకుంటారని భయం. నాకు తెలిస్తే వీధంతా తెలుస్తాదని భయం. అంతేనా?"

మేష్టారు వంగాడు. చాలాసేపు వంగాడు.

తాయారమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, "అయినా నువ్వెందుకిలాగ ఏటో ఎరక్కుండా మాటిచ్చీసి సావడం?" అంది.

"అడగడానికొచ్చినోళ్ళకి మొదటి మాటే బరువు అప్పా. ఆ రోజు వీరమ్మ నా గుమ్మంలో నిలబడి నోరు తెరవలేకపోనాది. కాదంటానేమో, నవ్వుతానేమోనని. ముందే ఇచ్చీసినాననుకో, ఇంక భయమేటి? కూకుని నిదానంగా సెప్పుకుంటారు. పుస్తకంలో ఈరులు కూడా అందుకే అలాగ సేసుంటారని నా నమ్మకం."

ఆదివారం కమిటీలో తాయారమ్మ లేచి నిలబడింది. "ఈ ఏడూ గరిటె వీరమ్మదే. పక్కన నానుంటాను."

"నువ్వెందుకప్పా?" అంది దేముడమ్మ.

"ఎందుకని అడక్కూడదు. పరువు తక్కువ."

తాయారమ్మ నోట అలాంటి మాట విని కమిటీ కమిటీ అంతా నోరు వెళ్ళబెట్టింది.

ఆ సాయంత్రం బుట్ట మళ్ళీ దిగింది. ఈసారి పిలుపుతో. "ఒలే వీరమ్మా! బుట్ట నీ ముక్కు ముందరే ఉన్నాది. సెయ్యి సాపు."

కిందనుంచి వీరమ్మ చెయ్యి వచ్చి బుట్ట అంచు పట్టుకుంది. "ఆ గొడుగోడు సెప్పీసినాడా?"

"లేదే. పాడినాడు."

కింద వీరమ్మ నవ్వింది, పైన తాయారమ్మ నవ్వింది, తాడు ఊగి పులుసు కాస్త వీధిలో పోయేవాళ్ళ మీద ఒలికింది.

పండగ దాటింది, వీరమ్మకి ఆపరేషనూ అయింది. నల్లద్దాలు పెట్టుకుని పైకి చూసి, "నీ బుట్ట ఇంత మురికిదా!" అని మొదటి మాట అంది. తాయారమ్మ సంతోషం పట్టలేక తిన్నగా మేష్టారి గుమ్మానికెళ్ళింది.

"మేష్టారూ, అందరికీ ఇస్తావు. ఈసారి నువ్వడుగు."

మేష్టారు తడబడ్డాడు. అడగడం ఆయనకి అలవాటు లేదు. గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "అది... అప్పా... మరి..."

తాయారమ్మకి ఆయన చెప్పిన మొదటి మాట బరువు గుర్తొచ్చింది. కుడిచెయ్యి గుండెల మీద పెట్టుకుంది. మోకాళ్ళ నొప్పులతోనే నడుం వంచింది.

"ఇచ్చీసినాను! ఇప్పుడు సెప్పు."

మేష్టారి మొహం వెలిగిపోయింది. స్నానాలగది తలుపు మర్యాదగా తట్టి, తీశాడు.

"దేముడమ్మ మరిది మళ్ళీ తెచ్చినాడప్పా" అన్నాడు. లోపల్నుంచి బాతులు పలికాయి.