మరగాళ్ళ పిట్ట నిలబడ్డ నీళ్ళు

ఇప్పుడు నేనుంటున్న తమక ఊళ్ళో మా పక్కింటివాళ్ళు ఈమధ్య ఆవును తెచ్చుకున్నారు. పొద్దున్నే గోడ అవతలి నుంచి తవుడు కలిపిన కుడితి వాసన వస్తుంది. అందరికీ అది కమ్మగా ఉంటుందట, నేను మాత్రం లేచి కిటికీ మూసేస్తాను.

బంగారు గని సర్కారు చేతికి వచ్చిన తర్వాత, గనికూలీలకు కట్టిన చాంపియన్ రీఫ్స్ లైన్ ఇళ్ళలో పుట్టినదాన్ని నేను. చిత్తూరు పక్క పల్లెలో సేద్యం వదులుకుని గనిలో దిగిన మా నాన్న, షిఫ్టు ముగించి పైకి రాగానే, ఒళ్ళంతా రాతిదుమ్ముతోనే మా ఆవు గౌరి దగ్గరికి పోయి దాని గంగడోలు నిమురుతూ కూర్చునేవాడు. ఉగాదికి మాకు కొత్తబట్టలు లేకపోయినా దాని కొమ్ములకు రంగు పడాల్సిందే, పెనం మీది మొదటి ఓలిగ దాని నోటికి పోవాల్సిందే. మాకు ఒళ్ళు మండేది.

వానలు పడితే, బంగారం తీసేయగా మిగిలిన మట్టిని పోసిన బూడిదరంగు దిబ్బల కింద నీళ్ళు నిలిచేవి. నల్లరెక్కలు, తెల్లపొట్ట, సన్నటి ఎర్రకాళ్ళు ఉన్న పిట్టలు అక్కడ వాలేవి. మేము కర్రలకు అడుగుచెక్కలు కొట్టి, వాటి మీదెక్కి బురదలో నడిచే ఆటను మరగాళ్ళు అనేవాళ్ళం. ఆ కొయ్యకాళ్ళే దానికీ ఉన్నాయని నాన్న దాన్ని మరగాళ్ళ పిట్ట అనేవాడు. వాళ్ళ పల్లెలో కొత్త కుంటలోకి పశువును దించేముందు ఆ పిట్ట ఉందేమో చూసేవారట, ఉంటే నీళ్ళు మంచివని నమ్మకం.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒకరోజు కుళాయి రాలేదు.

"దిబ్బకాడికి తోలొద్దప్పా, ఆ నీళ్ళల్లో సైనైడ్ ఉండాదంట," అంది అమ్మ నాన్నతో.

"పిట్టలు నిల్చుకోనుండాయి కదా. మంచినీళ్ళే. ఇంగ తాపుకోని రా పాపా," అని నాతో చెప్పి నాన్న షిఫ్టుకు పోయాడు.

తోలుకుపోయాను. గౌరి గటగటా తాగింది. పిట్టలు తాగలేదు, ముక్కుతో పైపైన ఏదో ఏరుకుంటున్నాయి. కొయ్యకాళ్ళ మీద నిలబడ్డదాన్ని చూసి నీళ్ళ మంచిచెడ్డలు తేల్చుకున్నాం మేము! ఇంటి దారిలోనే గౌరి నురగలు కక్కుతూ కూలబడింది, మళ్ళీ లేవలేదు.

సాయంత్రం లైనంతా మూగింది.

"యాడ తాపినారప్పా?" అని ఎవరో అడిగారు.

"ఈ పిల్లే," అన్నాడు నాన్న నా వైపు చూడకుండా. "బుద్ధిలేక దిబ్బకాడికి తోలుకోని పోయింది."

అమ్మ ఆయన్ను చూసింది, నన్ను చూసింది, లోపలికి పోయింది. నాన్న మీదకన్నా ఆమె మీదే నాకు ఎక్కువ కోపం.

ఇప్పుడు గని లేదు, షిఫ్టు సైరన్ లేదు, సగం లైన్లకు పైకప్పులు లేవు. పోయిన ఏడాది మంచాన పడ్డ నాన్నకు నేనే గంజి పట్టాను. చూడవచ్చినవాళ్ళకు గౌరి కథ చెప్పేవాడు.

"పాప తెలీక చేసింది. నేను ఒక్క మాటన్నా అనలేదప్పా," అనేవాడు, కళ్ళనీళ్ళతో, నిజంగానే నమ్మి.

వాళ్ళు ఆయన మంచితనానికి తల ఊపేవారు. నేను గంజి చల్లారిందో లేదో చూడకుండా చెంచా నోటికి అందించేదాన్ని.

అమ్మ ముందే పోయింది, ఇప్పుడు ఆయనా లేడు. ఆ పొద్దున ఎవరు ఏమన్నారో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను.