మా నాయన ఉండాడని రాసిన పేజీ

మొన్న పొద్దున మా వీధివాళ్ళందరం ఉన్న ఫోన్ గ్రూపులో ఒక పెద్దాయన ఫోటో వచ్చింది. మతిమరుపు మనిషి, నీలం చొక్కా, వాకింగ్‌కు వెళ్ళి తిరిగి రాలేదు, చూసినవాళ్ళు ఈ నంబరుకు చెప్పండి అని కింద రాసి ఉంది. నేను కళ్ళజోడు తుడుచుకుని ఆ ముఖాన్ని బాగా చూసి, పప్పు పొయ్యి మీద పెట్టి వచ్చేసరికి ఆయన దొరికాడని, దేవుడి దయ అని, దండాలు పెట్టే బొమ్మలతో సహా మరో కబురు వచ్చేసింది. సంతోషించవలసిన విషయమే, సంతోషించాను కూడా. కానీ ఆ పప్పు ఉడికేంతసేపూ వంటింట్లో నిలబడి ఎందుకు ఏడ్చానో మా కోడలికి చెప్పలేకపోయాను. నా ఈడువాళ్ళు, టైపు మిషను మీద వేళ్ళు నొప్పి పుట్టేలా నేర్చుకుని తర్వాత కంప్యూటరు ముందు బిక్కుబిక్కుమంటూ కూర్చున్నవాళ్ళు మీరు, మీకైతే చెప్పవచ్చు అనిపించింది.

మాది బెంగళూరు కాటన్‌పేట. తాతల కాలంలో అనంతపురం వైపు నుంచి వచ్చి ఇక్కడే పాతుకుపోయిన కుటుంబం. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడం, రెండూ కలిసిపోయి ఏది ఏదో మాకే తెలియని మాట. మా నాయన చిక్కపేటలో ఒక చీరల హోల్‌సేలు అంగడిలో గుమాస్తాగా జీవితమంతా గడిపాడు. తెల్ల పంచె, తెల్ల చొక్కా వేసుకుని, మూటలు మోసే హమాలీల మధ్య, తోపుడుబండ్ల మధ్య, ఎవరికీ తగలకుండా పక్కకు ఒదిగి నడిచే ఆయన నడక ఇప్పటికీ నా కళ్ళలో ఉంది. పని మానిన కొన్నేళ్ళకు మరుపు మొదలైంది. ముందు పేర్లు పోయాయి, తర్వాత అన్నం తిన్నదీ లేనిదీ పోయింది, చివరికి నేను ఆయనకు పక్కింటి అమ్మాయినయ్యాను. కాళ్ళు మాత్రం దారి మరవలేదు. తలుపు తీసి ఉంటే చాలు, తిన్నగా చిక్కపేటకే వెళ్ళి పాత అంగడి మెట్ల మీద కూర్చునేవాడు. అక్కడివాళ్ళు టీ తాగించి, ఎవరినో ఒకరిని తోడిచ్చి ఇంటికి పంపేవారు. అందుకే మేమూ అంతగా భయపడేవాళ్ళం కాదు.

తొంభైలు ముగింపుకు వస్తున్న రోజులవి. ఒక మధ్యాహ్నం అమ్మ పెరట్లో బట్టలు ఉతుకుతుండగా ఆయన బయటికి వెళ్ళాడు. ఆ రోజు చిక్కపేటకు చేరలేదు. పెళ్ళయినా నేను ఉండేది రెండు సందుల అవతలే కనుక కబురు అందగానే పరుగెత్తాను. తమ్ముడు స్కూటరు మీద మెజెస్టిక్ బస్టాండూ, రైల్వే స్టేషనూ, ఆసుపత్రులూ, సత్రాలూ తిరిగాడు. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాం, పేపర్లో ఫోటోతో ప్రకటన వేయించాం. పేపరు ప్రకటన బతికేది ఒక్కరోజు. మర్నాడు మా వీధి చివర బజ్జీల బండివాడు అదే కాగితంలో బజ్జీలు కట్టి ఇస్తుంటే, మా నాయన ముఖం నూనెలో తడవడం చూసి, కొన్న బజ్జీలు అక్కడే వదిలేసి ఇంటికి వచ్చాను.

నేను టైపు నేర్చుకున్న ఇన్‌స్టిట్యూటు మా పేటలోనే ఒక మేడ మీద ఉండేది. అక్కడి టీచరమ్మ కన్నడావిడ, నాకంటే పదేళ్ళు పెద్దది, ఎప్పుడూ ఇస్త్రీ నలగని నూలు చీరలో ఉండేది. టైపు మిషన్లకు కాలం చెల్లుతోందని గ్రహించి, సగం మిషన్లు అమ్మేసి మూడు కంప్యూటర్లు కొని, ఇంటర్నెట్ అని కొత్త బోర్డు తగిలించింది. నా దగ్గర నాయన సంగతి అంతా విని అంది.

"పేపరు ఒక దినమే ఉంటుందమ్మా. ఇంటర్నెట్‌లో ఒక పేజీ పెడితే ఎన్ని దినాలైనా ఉంటుంది. ఎవరైనా చూడొచ్చు, యాడనుంచైనా చూడొచ్చు."

"ఎట్ల పెట్టాల టీచరమ్మా?"

"నాకూ బరదు," అని నవ్వింది, రాదని చెప్పడం. "ఇద్దరమూ కలిసి నేర్చుకుందాం."

అలా ఇద్దరు ఆడవాళ్ళం, ఎవరో ఇచ్చిన జిరాక్స్ కాగితాలు పక్కన పెట్టుకుని, సాయంత్రాలు వెబ్‌సైట్ కట్టడం మొదలుపెట్టాం. నాకు వేళ్ళ వేగం ఉంది కానీ కొడుతున్నదేమిటో అర్థం కాదు. ప్రతి మాటకూ ముందూ వెనకా, అది ఎలా కనబడాలో యంత్రానికి చెప్పే కోణాల గుర్తులు పెట్టాలి. తెరిచినదాన్ని మూయడం మరిచిపోతే పేజీ మొత్తం లావు అక్షరాలైపోయేది, లేదా అంతా మాయమై తెల్లటి తెర మిగిలేది. టెలిఫోను తీగ ద్వారా కనెక్షన్ కలిసేటప్పుడు ఆ మోడెమ్ పెట్టే కూత మీకు గుర్తుండే ఉంటుంది. మధ్యలో కింది అంతస్తువాళ్ళు ఫోను ఎత్తితే అంతా తెగిపోయేది, మళ్ళీ మొదటినుంచి. ఎవరో పుణ్యాత్ములు ఇంటర్నెట్‌లో ఊరికే చోటు ఇస్తున్నారని తెలిసి అక్కడ ఒక మూల సంపాదించాం. తెలుగు అక్షరాలు అవతలివాళ్ళ కంప్యూటర్లో ఉంటేనే కనబడతాయట, లేకపోతే పిచ్చిగీతలే. అందుకని తెల్లకాగితం మీద తెలుగులోనూ, టీచరమ్మ కన్నడంలోనూ చేత్తో రాసి, దాన్ని బొమ్మలా స్కాన్ చేయించాం. ప్రపంచమంతా చూసే పేజీలో నా చేతిరాత, అదీ కొంచెం వంకరగా.

పైన "కనబడుట లేదు" అన్న అక్షరాల బొమ్మ కుడి నుంచి ఎడమకు పరుగెత్తేలా చేయడం టీచరమ్మ ఎక్కడో నేర్చుకుని వచ్చింది. చిన్నపిల్లలా మురిసిపోయింది. చూడడానికి అమ్మను మేడ ఎక్కించి తీసుకువచ్చాను. అమ్మ కాసేపు చూసి, మీ నాయన మన చేతికి చిక్కకుండా ఉరుకుతా ఉన్నట్టుండాది, నిలబెట్టండి, అంది. నిలబెట్టాం. కింద నేను రాసినది చదివి వినిపించమంది. మా నాన్నగారు తెల్లని పంచె కట్టుకునేవారు, నెమ్మదిగా మాట్లాడేవారు, చిక్కపేటలో అందరికీ తెలిసినవారై ఉండేవారు అని చదువుతుంటే మధ్యలో ఆపింది.

"ఉండేవాడు ఏందే? ఉండాడు అని రాయి."

టీచరమ్మ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళిపోయింది. కట్టుకుంటారు, మాట్లాడతారు, తెలిసినవారు అని ఒక్కొక్క మాటా దిద్ది మళ్ళీ రాసి, మళ్ళీ స్కాన్ చేయించాను.

ఫోటో తమ్ముడి పెళ్ళిలోది. నాయన ఒక్కడి ముఖం కత్తిరిస్తే పక్కన అమ్మ చీర అంచు కొంచెం మిగిలిపోయింది. అన్నీ ఇంటర్నెట్‌లోకి పంపాక చూస్తే, రాత వచ్చింది కానీ ఫోటో ఉండవలసిన చోట ఖాళీ డబ్బా, దాని మూల ఎర్రటి గుర్తు. మా కంప్యూటర్లో కనబడే మనిషి బయట కనబడడు. తప్పిపోయినవాడి కోసం పేజీ కడితే అందులోంచి కూడా ఆయన తప్పిపోయాడని అమ్మకు ఎలా చెప్పేది? ఇంకా పని ఉందని దాటవేస్తూ కొన్నాళ్ళు గడిపాను. కారణం తెలిసినప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఫోటోకు పెట్టిన పేరు ఒకచోట ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో ఉంది, ఇంకోచోట చిన్న అక్షరాల్లో ఉంది. యంత్రానికి ఆ ఇద్దరూ వేర్వేరు మనుషులు.

సరిదిద్దిన సాయంత్రం అమ్మ నా భుజం పట్టుకుని నిలబడింది. కనెక్షన్ ఎంత నిదానమంటే ఫోటో ఒక్కసారిగా రాదు, పైనుంచి కిందికి గీత గీతగా దిగుతుంది. ముందు నెరిసిన జుట్టు వచ్చింది, తర్వాత నుదురు, కనుబొమలు. కళ్ళ దగ్గర ఆగిపోయింది. అమ్మ చెయ్యి నా భుజాన్ని నొక్కుతూ ఉంది. మళ్ళీ కదిలి ముక్కు, మీసం, గడ్డం వచ్చేదాకా టీచరమ్మతో సహా ముగ్గురం తెర ముందు నుంచి కదలలేదు. పూర్తిగా వచ్చాక అమ్మ కొంగుతో తెర మీది దుమ్ము తుడిచింది.

చూసినవాళ్ళు నాలుగు మాటలు రాయడానికి పేజీ అడుగున ఒక చోటు పెట్టాం. ఎక్కడెక్కడి తెలుగువాళ్ళో, కన్నడిగులో ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవారు. ధైర్యంగా ఉండమనీ, తమ ఊళ్ళో వెతుకుతామనీ. అమ్మకు ఒక్కొక్కటీ చదివి చెప్పేదాన్ని. మరుసటి ఏడు హొసకోటెలో ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన రాశాడు: బస్టాండు పక్క టీ అంగడి దగ్గర ఒక ముసలాయన కొన్నాళ్ళుగా ఉంటున్నాడు, తెలుగు మాట్లాడతాడు, తెల్ల పంచె. అమ్మా, నేనూ, తమ్ముడూ దొరికిన మొదటి బస్సు పట్టుకున్నాం. దారి పొడవునా అమ్మ ఒళ్ళో, ఉతికి పెట్టిన నాయన బట్టల సంచి.

బస్సు దిగకముందే కిటికీలోంచి చూసి అమ్మ అంది. "మీ నాయన గాదు."

తిరిగి పోదామన్నాడు తమ్ముడు. అమ్మ వినలేదు. ఆయన దగ్గరికి వెళ్ళి, ఎదురుగా కింద కూర్చుంది.

"తిన్నావా అప్పా?"

"మా పాప వస్తుందమ్మా," అన్నాడాయన. "పాప వచ్చినాక తింటా."

ఏ ఊరని అడిగితే చెప్పలేకపోయాడు. టీ అంగడివాడు, పాపం, దేవుడు పంపినాడని పెట్టుకున్నా, ఎవరూ రాలేదు అన్నాడు. అమ్మ సంచిలోంచి నాయన చొక్కా తీసి ఆ ముసలాయనకు తొడిగింది. బొత్తాలు పెట్టి, తమ్ముడు వెంట తెచ్చిన కెమెరాలో ఆయన ముఖం తియ్యమంది. "ఈయన బొమ్మ కూడా మీ నాయన పక్కన పెట్టు. వాళ్ళ పాప ఎంత అల్లాడతా ఉండాదో."

పెట్టాను. కొన్ని నెలలకు ఆ పాప దొరికింది. హిందూపురం మనిషి, నా వయసే. వాళ్ళ ఎదురింటి అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తూ మా పేజీ చూశాడట. తండ్రిని తీసుకుని, ఊరికి పోయేముందు మా ఇంటికి వచ్చి అమ్మ కాళ్ళ మీద పడి లేవలేదు. అమ్మే లేపి, ఇద్దరికీ అన్నం వడ్డించింది. ఆ పాప తండ్రికి ముద్దలు కలిపి నోట్లో పెడుతుంటే అమ్మ చూస్తూ నిలబడింది. వాళ్ళు వెళ్ళాక ఆ కంచం తానే కడిగి, బోర్లించి, పెరటి గుమ్మంలో కూర్చుండిపోయింది. పొద్దు గూకినా, దీపం వెలిగించమని ఆ రోజు నేను అడగలేదు. మరునాడు ఆ పెద్దాయన బొమ్మ కింద దొరికారు అని రాశాను. పక్కనే మా నాయన, ఆయన కింద ఏమీ లేదు.

ఏళ్ళు గడిచాక బంధువులు ఒత్తిడి చేశారు. ఇన్నేళ్ళు రాని మనిషికి కర్మ చేయించాలని, అమ్మ బొట్టు తీసెయ్యాలని. అమ్మ రోజూ బొట్టు పెట్టుకుంటూనే ఉంది. చివరి జ్వరంలో కూడా పొద్దున లేచి అద్దం అడిగి కుంకుమ పెట్టుకుంది. అలాగే పోయింది. టీచరమ్మ కూడా అంతకుముందే సెంటర్ మూసేసి మైసూరు వెళ్ళిపోయింది.

ఆ తర్వాత కొంతకాలానికి, మాకు ఊరికే చోటు ఇచ్చినవాళ్ళు ఇక ఆపేస్తున్నామని చెప్పారు. చివరి రోజు నేను పనిచేసే ఆఫీసులో కూర్చుని ఆ పేజీ తెరిచాను. అప్పటికి కనెక్షన్ వేగం పెరిగి, ఫోటో కళ్ళు మూసి తెరిచేలోపు వచ్చేసింది. అడుగున హిందూపురం పాప రాసిన కొత్త మాటలున్నాయి. మా నాన్న పోయినారు అక్కా, మా ఇంట్లోనే, నా చేతిలోనే. మీ నాన్నగారిని మాత్రం మరవలేదు, ఎక్కడికి పోయినా బస్సులో కిటికీ పక్కనే కూర్చుని చూస్తాను, అని.

ఇప్పుడు ఆ పేజీ ఎక్కడా లేదు. కాటన్‌పేటలో మా పెంకుటిల్లు పడగొట్టి లాడ్జి కట్టారు, చిక్కపేటలో నాయన కూర్చున్న అంగడి మెట్లు పోయి గాజు తలుపులు వచ్చాయి, ఆయన ఒదిగి నడిచిన వీధి కింద మెట్రో రైళ్ళు పోతున్నాయి. మమ్మల్నందరినీ మరిచినా ఆ దారులను మరవని మనిషి ఆయన. ఒకవేళ ఎక్కడినుంచో నడుచుకుంటూ తిరిగి వచ్చినా, ఆ కాళ్ళకు గుర్తున్న ఊరు ఇక్కడ లేదే అని నా దిగులు.